దారి చెప్పే డబ్బా

బాలమల్లు కారులో ముందు అద్దానికి ఒక డబ్బా అతుక్కుని ఉంటుంది. అరచేయంత తెర, వెనక వైపు అద్దాన్ని పట్టుకునే రబ్బరు కప్పు, కింద చార్జింగుకి నల్లటి తీగ. దారి చెప్పడం తప్ప దానికి ఇంకో పని రాదు. ఇప్పుడు ఆబిడ్స్‌లో ఏ దుకాణానికి పోయి అలాంటిది కావాలన్నా, చేతిలో ఫోనుండగా ఇదెందుకయ్యా అని నవ్వుతారు. ఆయన కొడుకు నరేశ్ ఏడాదిగా అదే మాట అంటున్నాడు. అని అని వాడి నోరు నొచ్చిందే కానీ డబ్బా అద్దం మీంచి కదల్లేదు.

“గా డబ్బాల మెట్రో పిల్లర్లు లేవు నాయినా. సగం ఫ్లైఓవర్లు లేవు. ఏదో ఒకనాడు ఎదురుదారిల తోలుకపోతది నిన్ను,” అన్నాడు నరేశ్ ఒక ఆదివారం, కారులో కొత్త ఫోను హోల్డరు బిగిస్తూ.

“నీ ఫోన్ మాత్రం ఏం తక్కువ తిన్నది? ఎండల పెడితే వేడెక్కి బందైతది. బేరం మీద పోతుంటే నడుమ ఎవడో లోన్ గావాల్నా సార్ అని ఫోన్ జేస్తడు, మ్యాపు మాయమైతది. గీ డబ్బాకు ఎవ్వడు ఫోన్ జెయ్యడు. నెట్ అడగది. శాటిలైటును జూస్తది, దారి చెప్తది. గంతే.”

“ఫోన్ల అయితే నువ్వు ఏడున్నవో నా ఫోన్ల గూడ కనవడ్తది. మాకు ఫికరుండదు.”

 బాలమల్లు తీగ సర్దుతున్నట్టు డబ్బా వైపు వంగాడు.

వాదన బాగానే చేశాడు పెద్దాయన. నాంపల్లి స్టేషన్ బయట ట్యాక్సీ స్టాండులో ఇదే వాదన చేస్తే డ్రైవర్లందరూ నిజమేనని తలలూపారు. కానీ అసలు సంగతి అది కాదు.  అసలు సంగతి భార్య యాదవ్వకు కూడా చెప్పలేదు. బాలమల్లుకు దారులు గుర్తుండడం లేదు.

ఎవరికి గుర్తుండకపోయినా ఫరవాలేదు గానీ, ఈయనకు గుర్తుండకపోవడమేమిటి? మెదక్ దిక్కు పల్లె నుంచి పంతొమ్మిదో ఏట వచ్చి, ఆబిడ్స్‌లో ఒక బట్టల సేఠు దగ్గర మూటలు మోసి, ఆ సేఠు వ్యాను మీదే స్టీరింగు పట్టడం నేర్చుకుని, ముప్ఫై అయిదేళ్ళుగా ఈ రోడ్ల మీదే బతికిన మనిషి. స్టాండులో ఆయన పేరు నక్షా మల్లన్న, అంటే ఊరి పటం ఆయనే. రైలు దిగిన వాళ్ళు చెమటలు కక్కుకుంటూ చీటీ చూపిస్తే, చీటీ పూర్తిగా చదవకుండానే డిక్కీ తెరిచేవాడు. ఏ గల్లీలో కారు పడుతుందో, ఏ గల్లీలో అద్దం మడిస్తేనే పడుతుందో ఆయనకు తెలుసు. ఆ పేరంటే ఆయనకు గర్వం. ఉండదా మరి?

కిందటి కార్తీకంలో, పట్టపగలు, గన్‌ఫౌండ్రీలో బ్యాంకు ముందు సిగ్నల్ పడింది. పచ్చ లైటు వెలిగింది. వెనక హారన్లు మోగాయి. బాలమల్లు స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఎడమ వైపు రోడ్డు ఉంది, కుడి వైపు రోడ్డు ఉంది, రెండూ ఎప్పుడూ చూడని రోడ్లలా ఉన్నాయి. మూడు నిమిషాలో నాలుగు నిమిషాలో. తర్వాత ఎవరో బల్బు వేసినట్టు అంతా తిరిగి వచ్చింది. బండి పక్కకు తీసి, చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. అంత భయం ఆయన జన్మలో ఎరగడు.

ఆ రోజు నుంచే డబ్బా తీగ గుచ్చి పెట్టడం మొదలుపెట్టాడు. అంతకు ముందు అది ఉత్త అలంకారం. గన్‌ఫౌండ్రీలో ఉండే వామన్‌రావు, రిటైరైన లెక్కల మాస్టారు, పన్నెండేళ్ళ కిందట యాత్రలకని కొన్నాడు దాన్ని. తన కారు అమ్మేసినప్పుడు, “నువ్వే వాడుకో బాలమల్లూ,” అని ఇచ్చేశాడు. ఇచ్చే ముందు అన్నీ తనే ఎక్కించాడు. స్టాండు, తన ఇల్లు, దవాఖాన, గుడి. ఇంటి బొమ్మ ఉన్న చోట బాలమల్లు ఇల్లు పెట్టాడు. అప్పుడు వాళ్ళు నాంపల్లిలో, రేష్మా టాకీసు వెనక గల్లీలో, ఆకుపచ్చ గేటున్న ఇంట్లో కిరాయికి ఉండేవారు. ఆరేళ్ళ కిందట నరేశ్‌తో హిమాయత్‌నగర్ ఫ్లాటుకు మారినప్పుడు ఆ ఇంటి బొమ్మను ఎలా మార్చాలో ఎవరికీ తెలియలేదు. అందుకని కొత్త ఇంటిని నరేశ్ అనే పేరుతో వేరేగా ఎక్కించారు. ఇంటికి పోవాలంటే బాలమల్లు నరేశ్ అని ఉన్న చోట నొక్కాలి. ఆ ఆకుపచ్చ గేటు ఇల్లు కూడా ఇప్పుడు లేదు. మూడేళ్ళ కింద కూల్చి, అపార్టుమెంటు సెల్లారు కోసం రెండు మనుషుల లోతు గుంత తవ్వి, ఏదో కోర్టు గొడవతో అలాగే వదిలేశారు. చుట్టూ నీలం రేకులు కట్టారు. రేష్మా టాకీసు అంతకు ముందే పోయింది. దాని చోట బట్టల కాంప్లెక్సు వచ్చింది.

డబ్బాలో ఒకావిడ ఇంగ్లీషులో దారి చెబుతుంది. బాలమల్లు ఆమెను మేడం అంటాడు. మేడం మాట వింటే చాలు, బండి చేరవలసిన చోటికి చేరుతోంది. పాత మ్యాపు కదా, అప్పుడప్పుడు లేని మలుపు చెబుతుంది, ఉన్న ఫ్లైఓవరును లేనట్టే దాటి పొమ్మంటుంది. ఆబిడ్స్‌లో రెండుసార్లు ఎదురుదారిలోకి తోసింది. ట్రాఫిక్ పోలీసు ఆపి, “ఏంది పెద్దాయనా, కొత్తగ వచ్చినవా ఊరికి?” అన్నాడు. ఆ మాటకు బాలమల్లుకు రెండు రోజులు అన్నం దిగలేదు. అయినా మేడం ఈయన తప్పిన సంగతి ఎవరికీ చెప్పదు. ఫోను అలా కాదే. ఎక్కడ తిరిగాడో, ఒకే వీధిలో ఎన్నిసార్లు తిరిగాడో అన్నీ కొడుకు చేతిలో చుక్కలా చూపిస్తుంది. చూస్తే తాళం గుంజుకుంటారు. తాళం పోతే నక్షా మల్లన్న ఏమవుతాడు? ఫ్లాటులో టీవీ ముందు కూర్చోబెట్టి, నీళ్ళు కావాలా అని అడుగుతారు. అందుకే నరేశ్ పెట్టిన ఫోను హోల్డరు వారం రోజులు ఖాళీగా ఊగింది.

ఇంత జరుగుతుంటే ఇంట్లో వాళ్ళ కళ్ళు ఏమయ్యాయి అని అడగొచ్చు. అడగవలసిందే. కానీ తప్పు కళ్ళది కాదు, ఈ ఊరి నోటిది. ఇక్కడి జనం ఉన్నవాటిని పట్టుకుని దారి చెప్పరు, పోయినవాటిని పట్టుకుని చెబుతారు. టాకీసు కూలి పదేళ్ళయినా ఆటో ఎక్కి టాకీసు కాడ దింపమంటారు. హోటలు మూసి మందుల దుకాణం పెట్టినా, హోటలు ఎదురుగ నిలవడ్డ అంటారు. ముసలివాళ్ళే కాదు, టాకీసు మొహం చూడని కాలేజీ పిల్లలు కూడా అంతే. అలాంటి ఊళ్ళో ఒక మనిషి మనసు పదేళ్ళు వెనక్కి జారితే ఎవరు పట్టుకుంటారు?

వామన్‌రావు కూడా పట్టుకోలేదు. మంగళవారం మంగళవారం మోకాళ్ళ డాక్టరు దగ్గరికి ఆయన్ని తీసుకుపోయేది బాలమల్లే. మొన్న నాంపల్లిలో బండి నెమ్మదైంది.

“టాకీసు దగ్గర ఆపు బాలమల్లూ, పండ్లు తీసుకోవాలి.”

“జర ముంగటికి ఆపుత సారూ. ఆట ఇడిశిన్రు గావచ్చు, మంది మస్తున్నరు.”

వామన్‌రావు పకపకా నవ్వాడు. “నీ పరాచికాలు పోలేదయ్యా,” అన్నాడు.

బాలమల్లుకు ఆయన ఎందుకు నవ్వాడో అర్థం కాలేదు. అయినా తనూ నవ్వాడు. ఈ మధ్య అలా నవ్వడం కూడా నేర్చుకున్నాడు.

ఇంట్లోనూ ఇదే తంతు. “టాకీసు కాడ చాయ్ తాగి వచ్చిన,” అంటే యాదవ్వ తలూపేది. “గల్లీల జంగమ్మ కనవడ్డది,” అంటే కోడలు నవత, “అవునా మామా, మంచిగున్నదా?” అనేది. జంగమ్మ పాత ఇంటి దగ్గర పూలమ్మే ఆవిడ, ఆ గల్లీలోనే ఇంకా ఉంది కాబట్టి ఆ మాట కూడా సరిపోయింది. అన్నీ సరిపోతూనే వచ్చాయి. అదీ భయపెట్టే సంగతి.

ఆ శుక్రవారం ఉదయం మామ మొహం కడుక్కుంటుంటే నవత వచ్చి నిలబడింది. ఆమె కూతురు సంహితకు అయిదో ఏడు. బషీర్‌బాగ్‌లో బడి. రోజూ తీసుకొచ్చే ఆటో అతను ఊరికి పోయాడు.

“మామా, ఒక్క రోజు సంహితను బడి నుంచి తీస్కరాన్రి. పన్నెండున్నరకు ఇడుస్తరు. నాకు ఆఫీసుల మీటింగున్నది.”

“గదెంత పని బిడ్డా.”

“ఫోన్ల మ్యాపు పెట్టుకోన్రి మామా. గా డబ్బా వద్దు. ఒట్టు?”

“ఔ, పెట్టుకుంట.”

అబద్ధమాడలేదు. పిల్ల విషయం కదా, మాట నిలబెట్టుకోవాలనే అనుకున్నాడు. డబ్బా తీగ పీకేశాడు. హోల్డరులో ఫోను పెట్టి, నరేశ్ నేర్పినట్టే బడి పేరు నోటితో చెప్పాడు. ఫోను తెలుగులో దారి చెప్పింది. బషీర్‌బాగ్‌కు చక్కగా చేరాడు. ఇంత సులువా, అనవసరంగా భయపడ్డానే అని తనను తాను తిట్టుకున్నాడు కూడా. సంహిత నీళ్ళ సీసా ఊపుకుంటూ వచ్చి వెనక సీట్లో ఎక్కింది. ఆయన ఇంటికి దారి పెట్టాడు, బండి కదిలింది. చౌరస్తా ఇంకా వంద గజాలుంది.

అప్పుడు ఫోను మోగింది. తెర నిండా నవత ఫోటో. పిల్ల ఎక్కిందో లేదోనని కనుక్కుందామని చేసింది, పాపం. ఆ ఫోటో కింద మ్యాపు ఎక్కడికో పోయింది.

బాలమల్లు ఆకుపచ్చది నొక్కబోయి ఎర్రది నొక్కాడు. ఫోను నల్లబడింది. మళ్ళీ మోగింది. ముందు చౌరస్తా, నాలుగు దారులు, వెనక బస్సు హారను. గన్‌ఫౌండ్రీ నాటి భయమే మళ్ళీ పట్టుకుంది. నాలుగు దారుల్లో ఒక్కదాని పేరూ నోటికి రాలేదు. ఫోనును హోల్డరులోంచి లాగి ముందు అరలో పడేసి, అర మూసి, డబ్బా తీగ గుచ్చాడు. తెర వెలిగింది. మేడం పలికింది. ఆయనకు ప్రాణం లేచి వచ్చింది.

“తాతా, జల్ది ఇంటికి పోదాం. ఆకలైతుంది,” అంది సంహిత.

“పోదాం బిడ్డా.”

వేలు నరేశ్ పేరు మీదికి పోవాలి. పోలేదు. పిల్ల ఇల్లు అన్నది, తెర మీద ఇల్లు బొమ్మ ఉన్నది. వేలు దాని మీద పడింది.

చౌరస్తాలో హిమాయత్‌నగర్ వైపు తిరగవలసిన బండి ఆబిడ్స్ వైపు తిరిగింది. ఒక్కసారి మేడం చేతిలో పడ్డాక బాలమల్లు మనసు తేలికపడింది. ఎన్నాళ్ళకో రోడ్లన్నీ చుట్టాల్లా పలకరించాయి. సేఠు దుకాణం, పోస్టాఫీసు, ఆ పక్క మలుపు. కూనిరాగం కూడా తీశాడు. నాంపల్లిలో కాంప్లెక్సు పక్క సందులోకి తిప్పుతూ టాకీసు వెనక్కి వచ్చామనుకున్నాడు. గమ్యం చేరావని మేడం చెప్పింది.

సంహిత కిటికీలోంచి చూసింది. “తాతా, గిది మన ఇల్లు కాదు.”

“గిదే బిడ్డా. గేటుకు రంగేసిన్రు.”

“కాదు తాతా.”

“లోపట నాయినమ్మ ఉన్నది, అన్నం పెడతది. పో, నాకు స్టాండుల బేరమున్నది.”

దిగి, తలుపు తీసి, పిల్లను దింపి, సంచి భుజానికి తగిలించాడు. తల నిమిరాడు కూడా. ఎంత ప్రేమగా నిమిరాడో చెప్పాలంటేనే మనసు ఒప్పడం లేదు. నీలం రేకుల మధ్య ఒక రేకు వంగి, మనిషి పట్టేంత సందు ఉంది. ఆ సందు వైపు పిల్లను నెమ్మదిగా నడిపించి, బండెక్కి వెళ్ళిపోయాడు.

స్టాండులో అంజన్ అనే డ్రైవరు చాయ్ తాగుతున్నాడు. బాలమల్లు తనకూ ఒకటి చెప్పి బెంచీ మీద కూర్చున్నాడు. ఎండ చుర్రుమంటోంది. లోపల మాత్రం హాయిగా ఉంది ఆయనకు. మాట నిలబెట్టుకున్నాడు, పిల్లను ఇంట్లో దింపాడు. కారులో, మూసిన అరలో, ఫోను మోగి మోగి ఆగుతోంది, మళ్ళీ మోగుతోంది. బెంచీ దాకా వినబడలేదు.

చాయ్ సగమయ్యేసరికి అంజన్ ఫోను మోగింది. అతను విని, మొహం మారి, ఫోను బాలమల్లు చేతికిచ్చాడు. “మల్లన్నా, నరేశ్.”

“నాయినా, సంహిత ఏది?”

“ఇంట్ల దింపిన గదరా.”

“ఇంటికి రాలేదు నాయినా. అమ్మ అద్దగంట నుంచి గేటు కాడనే నిలవడ్డది. ఏ ఇంట్ల దింపినవ్?”

“ఏ ఇల్లేందిరా. మనకు ఎన్ని ఇండ్లున్నయి? టాకీసు ఎన్క.”

 ఈసారి పలికింది కొడుకు గొంతులా లేదు.

“టాకీసు లేదు నాయినా. పదేండ్లాయె. గా ఇల్లు గూడ లేదు. గాడ గుంత ఉన్నది. నువ్వు టాకీసు టాకీసు అంటుంటే, అందరి తీరుగనే పేరు చెప్తున్నవనుకున్న. నిజంగనే నీకు గాడ కనవడ్తున్నదని నాకెట్ల ఎర్కయితది నాయినా?”

బాలమల్లు చేతిలో చాయ్ గ్లాసు ఒరిగి, వేడి చాయ్ ప్యాంటు మీద పడింది. కాలినట్టే తెలియలేదు. కూలిపోతున్నప్పుడు గల్లీ జనమంతా నిలబడి చూసిన గోడలు, గుంత తవ్విన యంత్రం, రేకులు, వంగిన రేకు, దాని ముందు సంచి తగిలించుకున్న పిల్ల, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకు వచ్చాయి. లేచాడు. పరుగెత్తాలి. అయిదు నిమిషాల దూరం. ముప్ఫై ఏళ్ళు నడిచిన దూరం. ఎటు పరుగెత్తాలో తెలియలేదు. కుడికో అడుగు, ఎడమకో అడుగు వేసి, “అంజన్, నన్ను తోల్కపో,” అన్నాడు. “నాకు దారి తెల్వది.”

స్టాండులో ఆ మాట విన్నవాళ్ళెవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

అంజన్ ఆయన కారులోనే తోలుకొచ్చేసరికి సంహిత రేకుల బయటే ఉంది, పూలబుట్ట పక్కన ముక్కాలి పీట మీద. జంగమ్మ ఆ పిల్ల చేయి ఇంకా వదల్లేదు. 

“నీ కారు జూసి మల్లన్నా మల్లన్నా అని ఎంత ఒర్లిన. ఇనలేదు నువ్వు. ఎన్కకు తిరిగి జూస్తె పిల్ల లోపట ఉన్నది. గుంత అంచుకు నిలవడి నాయినమ్మా అని పిలుస్తున్నది. ఒక్క జానెడు మన్ను, గంతే, దాని కాళ్ళ ముంగట.”

“తాతనే చెప్పిండు, నాయినమ్మ లోపటున్నదని,” అంది సంహిత. ఆ పిల్లకు తాత మీద కోపం లేదు. ఇంటికి పోదామన్న ఆకలి తప్ప ఏమీ లేదు.

బాలమల్లు ఆ మట్టిలోనే కూలబడి, పిల్ల పాదాలు రెండూ చేతుల్లో పట్టుకుని ఏడ్చాడు. నరేశ్, నవత ఆటోలో వచ్చేసరికి కూడా అలాగే ఉన్నాడు. నవత కూతుర్ని ఎత్తుకుంది. మామ వైపు నుంచి మొహం తిప్పుకుంది. కొడుకు అడగకముందే బాలమల్లు, అంజన్ తిరిగిచ్చిన కారు తాళం తీసి వాడి అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశాడు.

“నన్ను మల్ల ఎక్కనియ్యకు బిడ్డా,” అన్నాడు. “నేను అడిగినా ఇయ్యకు.”

నరేశ్ స్టీరింగు ముందు కూర్చున్నాడు. తల్లీ కూతుళ్ళు వెనక. ముప్ఫై అయిదేళ్ళలో మొదటిసారి బాలమల్లు ఎడమ పక్క సీట్లో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నరేశ్ హోల్డరులో తన ఫోను పెట్టి దారి పెట్టాడు. తాళం తిప్పగానే డబ్బా కూడా వెలిగింది. ఇంటి బొమ్మ ఇంకా దాని తెర మీదే ఉంది. తీసేసే ఓపిక ఎవరికీ లేకపోయింది.

బండి ఆబిడ్స్ దాటింది. ఫోను తిన్నగా పొమ్మంది. డబ్బాలో మేడం, వీలైన చోట వెనక్కి తిప్పమంది. ప్రతి మలుపులోనూ అదే మాట. గన్‌ఫౌండ్రీ సిగ్నల్ దగ్గర బాలమల్లు తల ఎత్తాడు. కళ్ళు తుడుచుకున్నాడు. మొహం తేటపడింది. కొడుకు మోచేతి మీద మెల్లగా చేయి వేశాడు.

“నరేశ్, మేడం చెప్తుంటే ఇనవడ్తలేదా? ఇల్లు ఎన్కకాయె బిడ్డా. తిప్పు. మీ అమ్మ పచ్చగేటు కాడ మనకోసం సూస్తుంటది.”

పచ్చ లైటు వెలిగింది. నరేశ్ బండిని తిన్నగా పోనిచ్చాడు.